వడగాలి - ప్రాణరక్షణ

రోహిణీకార్తెలో రోళ్లు పగులునని మన నానుడి. 2015వ సంవత్సరమున ఆ కార్తె ప్రవేశించునప్పటికే వడగాలి ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వందలకొలది ప్రాణములను హరించినది. ఆ వేసవి ముగియునప్పటికి దేశమున మృతుల సంఖ్య రెండువేలు దాటినది.

మనుష్యదేహపు సహజోష్ణము సుమారు 37 సెంటిగ్రేడు డిగ్రీలు. ఎండలో దానిని కాపాడునది చెమట. అది ఆరుచు దేహమును చల్లబరచును. సముద్రతీరమున గాలిలో తేమ హెచ్చుగా నుండుటచే చెమట త్వరగా ఆరదు. కావున అచ్చట ఎండ కొంత తగ్గినను అపాయము తగ్గదు. దేహోష్ణము 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, స్పృహ తప్పుచున్నచో అది వడదెబ్బ. అట్టివానిని తక్షణమే నీడకు చేర్చి, ఒడలు తడిపి, విసరుచు వైద్యశాలకు కొనిపోవలెను. స్పృహలేనివానికి నీరు త్రాగింపరాదు.

వృద్ధులకును, పసిబిడ్డలకును, ఎండలో కాయకష్టము చేయువారికిని ముప్పు అధికము. ఇల్లు కదలవద్దని చెప్పుట సులభము. కూలికి పోనిదే పొయ్యి రాజుకొననివానికి ఆ హితవు అన్నము పెట్టదు. 2010లో వడగాలికి తల్లడిల్లిన అహమ్మదాబాదు నగరము 2013లో ముందు హెచ్చరికలతో కూడిన రక్షణప్రణాళికను చేపట్టినది. వేసవిలో చలివేంద్రము నిలుపుట తెలుగునాట పాత ధర్మము. మిట్టమధ్యాహ్నము పని నిలిపి, కూలి తగ్గింపకుండుట దానికి తోడు కావలసిన నేటి ధర్మము.