పాస్ నడిచిందా? పాత కంపైలర్‌లో కొత్త మెట్టు

మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రసంకేతాలుగా మార్చే సాధనమే కంపైలర్. ఈ మార్పు ఒక్కసారిగా జరగదు. వరిమిల్లులో వడ్లు మొదట జల్లెడకు, తరువాత పొట్టు తీసే రోలర్లకు, ఆపైన తవుడు తీసే యంత్రానికి వెళ్లి చివరకు బియ్యంగా బస్తాలో పడినట్లే, ప్రోగ్రాము కూడా కంపైలర్‌లో అనేక మెట్లు దాటుతుంది. ఒక్కొక్క మెట్టును ‘పాస్’ అంటారు. వృథా గుణకారాలను తొలగించేది ఒకటి, ఎన్నడూ నడవని భాగాలను కోసివేసేది మరొకటి. ఇలాంటివి పదుల సంఖ్యలో ఉంటాయి.

ఈ వరుసలో తనకు కావలసిన మెట్టును వాడుకరి స్వయంగా చేర్చుకొనే వీలు కల్పించిన కంపైలర్లలో ప్రసిద్ధమైనది ఎల్‌ఎల్‌వీఎమ్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ లాట్నర్, విక్రమ్ అద్వే 2000లో ప్రారంభించిన ఈ వ్యవస్థ 2003లో తొలిసారి విడుదలైంది. సీ భాషకు దీని ముందుభాగం పేరు క్లాంగ్.

సొంత పాస్ ఎవరికి అవసరం? ఖతార్‌కు దగ్గరైన ఉదాహరణే తీసుకుందాం. 1971లో బయటపడిన నార్త్ ఫీల్డ్ సహజవాయువులో మీథేనుతో పాటు, చల్లబడి పీడనం తగ్గితే ద్రవంగా విడిపోయే బరువైన హైడ్రోకార్బన్లు కూడా ఉన్నాయి. అలాంటి మిశ్రమం ఎప్పుడు వాయువుగా ఉంటుంది, ఎప్పుడు ద్రవమవుతుంది అని లెక్కించడానికి రసాయన ఇంజనీర్లు విరివిగా వాడే సూత్రం 1976లో పెంగ్, రాబిన్సన్ ప్రకటించిన స్థితి సమీకరణం. అది త్రిఘాత సమీకరణం. వచ్చే మూలాలలో పెద్దది వాయువుకు, చిన్నది ద్రవానికి చెందుతుంది. శుద్ధ పదార్థం విషయంలో, సందిగ్ధ బిందువును సమీపించే కొద్దీ మూడు మూలాలూ ఒకే విలువ వైపు, అంటే సుమారు 0.307 వైపు, చేరుకుంటాయి. అక్కడ దాదాపు సమానమైన సంఖ్యలను ఒకదాని నుంచి ఒకటి తీసివేయవలసి వస్తుంది. 0.3333334 నుంచి 0.3333333 తీసివేస్తే ఏడంకెల ఖచ్చితత్వంలో మిగిలేది ఒకే ఒక అంకె. యంత్రం మాత్రం జవాబును 15 అంకెలతో దర్జాగా ముద్రిస్తుంది!

ఆ 15 అంకెలలో నమ్మదగినవి ఎన్ని? దీనికి స్టాట్ పార్కర్ 1997లో ‘మాంటీ కార్లో అంకగణితం’ అనే ఉపాయం చెప్పాడు. ప్రతి కూడికలోనూ, తీసివేతలోనూ చివరి అంకెలను యాదృచ్ఛికంగా కొద్దిగా కదిలించి, ప్రోగ్రామును పలుమార్లు నడపాలి. ప్రతిసారీ మారకుండా నిలిచిన అంకెలే నమ్మదగినవి. ఈ పనిని ఎల్‌ఎల్‌వీఎమ్ పాస్ ద్వారా చేసే ‘వెరిఫికార్లో’ అనే సాధనాన్ని ఫ్రాన్సు పరిశోధకులు 2016లో పరిచయం చేశారు. మూల ప్రోగ్రామును ముట్టుకోనవసరం లేకపోవడం ఇందులోని సొగసు.

ఇలాంటి పాస్‌ను దోహా ఎడ్యుకేషన్ సిటీలోని ఒక విద్యార్థి గానీ, రాస్ లఫాన్‌లో పనిచేసే ఒక ఇంజనీరు గానీ సొంతంగా రాసుకొని, కార్యాలయంలో ఏళ్ల తరబడి మార్చని కంపైలర్‌కు, ఉదాహరణకు 2022 నాటి 14వ వెర్షన్‌కు, తగిలించాడనుకుందాం. కంపైలర్ ఏ ఫిర్యాదూ చేయలేదు. ప్రోగ్రామును ఇరవైసార్లు నడిపితే ఇరవైసార్లూ 15 అంకెలూ అచ్చంగా అవే వచ్చాయి. లెక్క బ్రహ్మాండంగా ఉందని సంతోషించవచ్చునా? పాస్ అసలు నడవకపోయినా ఫలితం సరిగ్గా ఇలాగే ఉంటుంది! మిల్లులో రాళ్లేరే జల్లెడ కొత్తగా బిగించారు కాని బియ్యం పక్క గొట్టంలో నుంచి పోతున్నాయి. బస్తాలు మాత్రం యథాప్రకారం నిండుతున్నాయి.

ఇలా జరగడానికి చరిత్రలోనే కారణం ఉంది. పాస్‌లను వరుసలో నడిపించే నిర్వాహకుడు ఎల్‌ఎల్‌వీఎమ్‌లో మారిపోయాడు. 2021లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి కొత్త నిర్వాహకుడే సహజ ఎంపిక అయ్యాడు. పాత పాఠాలను అనుసరించి రాసిన పాస్ పాత నిర్వాహకుని పట్టీలో పేరు నమోదు చేసుకుంటుంది. ఆ పట్టీని ఇప్పుడు చూసేవారు లేరు. తప్పు సందేశం రాకపోవడానికి ఇదే హేతువు. 14వ వెర్షన్ వరకు పాత నిర్వాహకుణ్ణే పిలవమని క్లాంగ్‌ను ఆదేశించే వీలుండేది. ఆ తరువాత తీసివేశారు. కనుక నమోదు భాగాన్ని కొత్త పద్ధతిలో తిరగరాయడమే మేలు.

అలా రాసినా మరొక గొయ్యి ఉంది. ఆప్టిమైజేషన్ వద్దని చెప్పి కంపైల్ చేస్తే, ప్రతి ఫంక్షన్‌కూ ‘దీన్ని ముట్టవద్దు’ అనే ముద్రను క్లాంగ్ తగిలిస్తుంది. కొత్త నిర్వాహకుడు ఆ ముద్ర చూసి, తప్పనిసరి అని ప్రకటించుకోని పాస్‌లన్నిటినీ నిశ్శబ్దంగా దాటవేస్తాడు. పాస్‌లో ఆ ప్రకటన చేర్చడం దీనికి విరుగుడు.

వీటితో పోలిస్తే, బిగ్గరగా విరిగే లోపాలు నయం. పాస్‌ను ఒక వెర్షన్ శీర్షిక ఫైళ్లతో తయారు చేసి మరొక వెర్షన్‌లోకి ఎక్కిస్తే ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అని కంపైలర్ వెంటనే మొరపెట్టుకుంటుంది. రెంటినీ ఒకే వెర్షన్‌తో, ఒకే రకమైన ఐచ్ఛికాలతో నిర్మిస్తే చాలు.

రసాయనశాలలో టైట్రేషన్‌కు ముందు చేసే ఖాళీ పరీక్ష ఇక్కడా పనికివస్తుంది. మొదట ఏ మార్పూ చేయకుండా, తాను చూసిన కూడికలను లెక్కించి ముద్రించే పాస్‌ను నడపాలి. దానికి ఒకే ఒక కూడిక ఉన్న ప్రోగ్రామును ఇవ్వాలి. అయితే ఆ కూడికను 0.1, 0.2 అని స్థిరాంకాలతో రాస్తే ప్రయోజనం లేదు. పాస్‌కు చేరకముందే కంపైలర్ వాటిని కలిపివేస్తుంది. సంఖ్యలు బయటి నుంచి, కీబోర్డు ద్వారా రావాలి. లెక్క ఒకటి అని వస్తే పాస్ నడిచినట్లు. సున్నా వస్తే జల్లెడ దారిలో లేనట్లు.

తరువాత అసలు ప్రోగ్రామును గరిష్ఠ ఆప్టిమైజేషన్‌తో కంపైల్ చేసి మళ్లీ లెక్కించాలి. ఈ స్థాయిలో కంపైలర్ రెండు, నాలుగు కూడికలను కట్టగట్టి ఒకే సదిశ ఆదేశంగా మార్చవచ్చు. విడి సంఖ్యల కూడికలనే గుర్తించే పాస్ వాటిని వదిలివేస్తుంది. సగం నడిచే పాస్ అసలు నడవనిదాని కంటే ప్రమాదకరం, ఎందుకంటే కొన్ని అంకెలు కదులుతూ కనిపించి నమ్మకం కలిగిస్తాయి.

పాస్ నడిచాక జవాబే తప్పయితే, దోషం దానిదా, పాత కంపైలర్‌దా? 2016 నుంచి ఎల్‌ఎల్‌వీఎమ్‌లో పాస్‌లను ఒక సంఖ్య దగ్గర ఆపివేసే సదుపాయం ఉంది. సగానికి సగం తగ్గించుకుంటూ పోతే, వెయ్యి అంచెలలో తప్పు మొదలైన అంచెను పది ప్రయత్నాలలో పట్టుకోవచ్చు. తప్పనిసరి అని ప్రకటించుకున్న పాస్‌ను మాత్రం ఇది ఆపలేదు. దాన్ని చేతితోనే తొలగించి చూడాలి. ప్రతి పాస్ తరువాత మధ్యరూపం సక్రమంగా ఉందో లేదో పరీక్షించమని కూడా ఆదేశించవచ్చు. సాధారణంగా పంపిణీ అయ్యే కంపైలర్లలో లోపలి తనిఖీలు ఆపివేసి ఉంటాయి కాబట్టి, అవి ఉన్న నిర్మాణాన్ని ఒకటి విడిగా ఉంచుకోవడం మంచిది.

ఈ తిప్పలు బయట ఉండే పాస్‌లకే ఎక్కువ. ఎల్‌ఎల్‌వీఎమ్ సుమారు ఆరు నెలలకొకసారి విడుదలవుతుంది. లోపలి సీ ప్లస్ ప్లస్ అమరిక నిలకడగా ఉంటుందని హామీ ఇవ్వదు. అమరికను మార్చినవారే లోపలి పాస్‌లను సరిచేస్తారు. బయటివాటి బాధ్యత వాటి యజమానులదే. ప్రోగ్రాములను సంఖ్యా సదిశలుగా మార్చే ‘ఐఆర్‌టువెక్’ను ఐఐటీ హైదరాబాదు పరిశోధకులు రామకృష్ణ ఉపద్రష్ట బృందంలో రూపొందించి 2020లో ప్రచురించారు. ఏళ్లపాటు బయటే ఉన్న ఆ పని 2025లో ఎల్‌ఎల్‌వీఎమ్ మూలంలోకి చేరింది.