సహాయ శిక్షకుడు: హకీం సాబ్ జీవితం చెప్పే పాఠం

మైదానంలో ఆడేది పదకొండుగురు. లోకం గుర్తుంచుకొనేది వారి పేర్లనే. జట్టు గెలిస్తే ప్రధాన శిక్షకునికి పూలదండ, ఓడితే నింద. ఈ రెండింటికీ దూరంగా, గీతకు ఆవల నిలిచి పనిచేసే వ్యక్తి సహాయ శిక్షకుడు. ఆ బాధ్యత ఎట్టిదో హైదరాబాదు బిడ్డ సయ్యద్ షాహిద్ హకీం జీవితం ఆధారంగా వివరింపదలచాము.

హకీం సాబ్ 1939లో జన్మించారు. తండ్రి సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత ఉపాధ్యాయుడు. 1951, 1962 ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణపతకాలు సాధించిపెట్టిన శిక్షకుడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో హకీం సాబ్ కూడా ఉన్నారు. భారత్ అక్కడ హంగరీ, ఫ్రాన్స్, పెరూలతో తలపడింది. ఫ్రాన్స్‌తో 1-1గా సమంగా నిలిచింది. కాని మూడింటిలో ఒక్క దానిలోనైనా ఆయనకు మైదానంలో దిగే అవకాశం రాలేదు. 1962 జకార్తా జట్టులోనూ చోటు దక్కలేదు. శిక్షకుడు కన్నతండ్రియే! ఎంపికలో బంధుత్వానికి తావు లేదని ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ మాకు తోచదు.

ఇట్టి నిరాశ ఎదురైనప్పుడు చాలామంది బూట్లను అటక ఎక్కిస్తారు. హకీం సాబ్ అట్లా చేయలేదు. వైమానిక దళంలో ఉద్యోగం చేస్తూ స్క్వాడ్రన్ లీడర్ స్థాయికి ఎదిగారు, ఆటనూ విడువలేదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలకు భారత జట్టును సిద్ధం చేసిన పి.కె. బెనర్జీకి సహాయ శిక్షకుడైనారు. ఆ బెనర్జీయే రోమ్‌లో భారత జట్టు నాయకుడు. నాడు నాయకుడు ఒకరు, బెంచీపై కూర్చున్నవారు ఒకరు. ఇరువురూ ఇరవై రెండేళ్ల తరువాత ఒకే పనికి భుజం కలిపారు. ఆ జట్టు బంగ్లాదేశ్, మలేసియాలను ఓడించి, చైనాతో సమంగా నిలిచి, క్వార్టర్ ఫైనల్లో సౌదీ అరేబియా చేతిలో ఒకే ఒక గోలు తేడాతో ఓడింది.

సహాయ శిక్షకుని పని ఏమిటి? అభ్యాసానికి ముందే మైదానం సిద్ధం చేయడం, ఆటగాళ్లను చిన్న జట్లుగా విడదీసి ఒక్కొక్కరి లోపం దిద్దడం, ప్రత్యర్థి ఆట తీరును గమనించడం, అలసటను, గాయాన్ని ముందుగా పసిగట్టడం. అన్నింటికంటె కష్టమైనది మరొకటి ఉన్నది. పదకొండు పేర్లు చదివిన పిమ్మట, పేరు వినబడని కుర్రవాని మనసు నిలబెట్టాలి. ఆ బాధ అనుభవించినవానికే ఆ మాట బాగా తెలుస్తుంది.

తరువాత ఆయన మహీంద్రా, సాల్‌గావ్‌కర్ జట్లకు శిక్షణ ఇచ్చారు. అంతర్జాతీయ రిఫరీగా 1988 ఆసియా కప్పులో పనిచేశారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకొన్నారు. 2021 ఆగస్టు 22న కన్నుమూశారు.

మన కృష్ణా డెల్టాలో వాలీబాల్, కబడ్డీ, క్రికెట్‌లకు ఉన్న ఆదరణ ఫుట్‌బాల్‌కు లేదు. అయినా ఈ పాఠం అన్ని ఆటలకూ వర్తిస్తుంది. ఏ కళాశాలలోనైనా జట్టు ఎంపిక ముగిసిన మరునాటి నుండి మిగిలిన విద్యార్థులు మైదానం వైపు రారు. వారి చేతికి ఒక ఈల, ఒక నోటుపుస్తకం ఇచ్చి, జూనియర్ల అభ్యాసాన్ని అప్పగించవలసిందిగా కమిటీ పెద్దలను కోరుతున్నాము. శ్రద్ధ ఉన్నవారికి పటియాలాలో 1961లో నెలకొన్న జాతీయ క్రీడా సంస్థ శిక్షకుల డిప్లొమా ఇస్తున్నది. పేరు చదవబడని విద్యార్థికి ఆటలో పని లేదనుకోవడం పొరపాటు. అతని పని అక్కడి నుండే మొదలు కావచ్చును.