వాట్సాప్ ‘ఫార్వర్డెడ్’ లేబుల్: అది చెప్పేదేంటి, చెప్పనిదేంటి?

వాట్సాప్‌లో కొన్ని మెసేజ్‌ల పైన చిన్న బాణం గుర్తుతో ‘ఫార్వర్డెడ్’ అని ఉంటుంది. కొన్నిటికి రెండు బాణాలు కనిపిస్తాయి. రోజూ చూస్తూనే ఉంటాం, కానీ ఆ గుర్తు దేన్ని లెక్కపెడుతుందో చాలామందికి తెలీదు. అది వచ్చిన కాలంలో ఏం జరిగిందో మా హైదరాబాద్ పాతబస్తీ వాళ్లకు బాగా గుర్తు.

2018లో ఏం జరిగింది?

ఆ వేసవిలో ‘పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయి’ అనే మెసేజ్‌లు తెలుగు రాష్ట్రాల్లో విపరీతంగా తిరిగాయి. మే 26 రాత్రి పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో, భిక్షాటనకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళల్ని ఆ ముఠాయే అనుకుని జనం కొట్టారు. ఒకరు చనిపోయారు.

జూలై 13న కర్ణాటక బీదర్ జిల్లాలో ఇంకో ఘటన. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఒకాయన స్నేహితులతో కలిసి అటు వెళ్లాడు. దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడంతో ఊళ్లోవాళ్లకు అనుమానం వచ్చింది. వీళ్లు కారెక్కి బయటపడ్డారు. కానీ కారు కంటే ముందే వాట్సాప్ మెసేజ్ ముర్కి గ్రామానికి చేరింది. అక్కడ దారి ఆపి కొట్టారు. ఆ ఇంజనీర్ ప్రాణం పోయింది.

ఆ రోజుల్లో బాగా తిరిగిన ఒక వీడియోలో, బైక్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార వీడియో. ఒరిజినల్‌లో వాళ్లు వెనక్కి వచ్చి పిల్లాణ్ని దించేసి, హెచ్చరిక రాసిన బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు. ఫొటోషాప్ లేదు, గ్రాఫిక్స్ లేవు. ఒక కట్, ఒక తప్పుడు క్యాప్షన్, అంతే.

లేబుల్ ఎలా పనిచేస్తుంది?

2018 జూలైలోనే వాట్సాప్ ‘ఫార్వర్డెడ్’ లేబుల్ తెచ్చింది. ఇండియాలో ఒక మెసేజ్‌ని ఒకేసారి 5 చాట్‌లకు మించి పంపకుండా పరిమితి కూడా అదే నెలలో ప్రకటించింది. 2020 ఏప్రిల్‌లో, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా మార్చింది.

వాట్సాప్ మెసేజ్‌లు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కాబట్టి లోపల ఏముందో కంపెనీ చూడలేదు. మెసేజ్‌తో పాటు ఒక కౌంటర్ వెళ్తుంది. ఎన్ని చేతులు మారిందో అదే లెక్కపెడుతుంది. 5 లేదా అంతకంటే ఎక్కువైతే రెండు బాణాలు వస్తాయి. అంటే లేబుల్ కొలిచేది ప్రయాణాన్ని, నిజాన్ని కాదు. రెండు బాణాలున్న వార్త నిజమే కావచ్చు.

ఇంకో లోపం ఉంది. ఆ వీడియోని సేవ్ చేసుకుని గ్యాలరీ నుంచి కొత్తగా పంపితే కౌంటర్ మళ్లీ మొదటికి వస్తుంది. బాణమే కనిపించదు. అందుకే ‘లేబుల్ లేదు కదా, మావాడే తీసుంటాడు’ అనుకోవద్దు.

మరి ఎలా చెక్ చేయాలి?

మా బస్తీ గ్రూపుల్లో సగం తెలుగులో, సగం ఉర్దూలో వస్తుంటాయి. నేను చేసే పద్ధతి ఇది:

1. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారు? ‘నిన్న మన ఏరియాలో’ అని మాత్రమే ఉంటే అనుమానించాలి. ఏ ఊరికి ఫార్వర్డ్ అయినా ఆ మాట సరిపోతుంది.

2. వీడియోని పాజ్ చేసి స్క్రీన్‌షాట్ తీసి, గూగుల్ లెన్స్‌లో వెతకండి. షాపు బోర్డు, బండి నంబర్ ప్లేట్ ఉన్న ఫ్రేమ్ అయితే మేలు. పాత తేదీతో అదే వీడియో దొరికితే క్యాప్షన్ అబద్ధమని తేలిపోతుంది.

3. మొదలు, చివర ఉన్నాయా చూడండి. సరిగ్గా భయం పుట్టే చోట ఆగిపోయిన క్లిప్ అయితే పూర్తి వీడియో కోసం వెతకండి.

4. కీలక పదాలను తెలుగులో వెతకండి. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ తెలుగులోనూ ఫ్యాక్ట్ చెక్‌లు ఇస్తాయి. అక్కడ ఏమీ దొరకలేదంటే వార్త నిజమని కాదు, ఇంకా ఎవరూ చెక్ చేయలేదేమో.

‘ఒకవేళ నిజమైతే? చెప్పకపోతే ఎలా?’ అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి గ్రూప్ అవసరం లేదు, 100కి ఫోన్ చేస్తే చాలు. పోలీసులకు చెప్పిన మాట తప్పని తేలితే అక్కడితో ఆగుతుంది. 200 మంది గ్రూపులో పెట్టాక అది ఎవరి వీధిలో ఆగుతుందో మన చేతిలో ఉండదు. తర్వాత ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ నొక్కినా మన గ్రూపులో పోతుంది గానీ, అప్పటికే ముందుకు పంపిన కాపీలు అలాగే తిరుగుతుంటాయి.