చిన్న కొండకు పెద్ద యోచన

దూరపు కొండలు నునుపని పెద్దలు చెప్పిన మాట. ఖమ్మము పట్టణమున నిలిచిన కోటకొండకు ఈ సామెత చక్కగా వర్తించును. వీథిలో నిలిచి చూచువారికి అది చిన్న గుట్ట. ఇంతమాత్రపు కొండ నెక్కుటకు ముందుగా ఏర్పాటు లెందుకని తోచును. దగ్గరకు పోయిన పిమ్మటనే బండల నిలువుదనము, మెట్ల ఎగుడుదిగుడు, నీడ లేమి తెలియవచ్చును. బడిపిల్లలను ఒకనాడు అచ్చటికి తీసికొనిపోదలచిన ఉపాధ్యాయ మిత్రులకు ఈ నాలుగు మాటలు.

మన సాహిత్యమున కొండకు పోయినవారిలో మొదట స్మరింపదగినవాడు మనుచరిత్రలోని ప్రవరుడు. సిద్ధు డిచ్చిన పాదలేపమును పూసికొని హిమాలయమునకు పోయెను, కోరినంత చూచెను, ఇంటికి మరలబోవుసరికి లేపము మంచునీట కరగిపోయి యుండెను. పోవుటకు ఉపాయ మున్నది గాని మరలుటకు రెండవ ఉపాయము లేదు. పెద్దన కావ్యమునకు అది మేలే అయినది. ముప్పదిమంది పిల్లలకు పూచీపడిన గురువునకు మాత్రము మేలు కాదు. కొండనడకకు యోచన యనగా ముఖ్యముగా తిరుగుదారి యోచనయే.

మొదట కాలనిర్ణయము. ఖమ్మము ఎండలకు పేరుపొందినది. 45 డిగ్రీలు దాటిన వేసవి దినములును కలవు. బండ పగలంతయు ఎండను త్రాగి పొద్దుగ్రుంకిన పిదప కూడ సెగలు గ్రక్కుచుండును. కావున సాయంకాలపు చల్లదనమును నమ్మి వేసవిలో ఎక్కుట తగదు. వానకాలమున రాతిమీద పాచి పట్టి కాలు నిలువదు. 2024 సెప్టెంబరు మొదట మున్నేరు పొంగి పట్టణపు లోతట్టు ప్రాంతములను ముంచిన సంగతి ఎల్లరకు తెలిసినదే. అట్టి రోజులలో కొండమాట తలపెట్టనే రాదు. కార్తికము మొదలు మాఘము వరకు తగిన కాలము.

పిదప గడియల లెక్క. దీనికి స్కాట్లండువారి అనుభవము మనకు ఉపకరించును. ఆ దేశమున చిన్న రాతికొండలను కూడ జనులు గౌరవముతో ఎక్కుదురు. ఎడింబరో నగరములోనే ఆర్థర్స్ సీట్ అను 251 మీటర్ల కొండ కలదు. అచ్చటి పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రము చెప్పెను: ప్రతి మూడు మైళ్లకు ఒక గంట, ప్రతి రెండువేల అడుగుల ఎక్కుడుకు మరియొక గంట. మన నేటి కొలతలలో గంటకు సుమారు 5 కిలోమీటర్లు. నూరు మీటర్ల ఎక్కుడుకు అదనముగా 10 నిముషములు. ఈ లెక్కను పిల్లలచేతనే ముందుగా వేయింపవచ్చును. అయితే అది బలిష్ఠులైన పెద్దల నడకకు చెప్పినది. విశ్రాంతి అందులో చేరలేదు. వరుసగా నడచునప్పుడు కడపటివాని అడుగే అందరి అడుగు. కావున వచ్చిన కాలమును రెట్టింపు చేసికొనుట మేలు. వారు మంచునకు, గాలికి వెరతురు. మనము ఎండకు వెరవవలెను.

సూర్యోదయ వేళకు కొండ మొదట నిలువవలెను. తొమ్మిదిన్నరకు పైకి చేరినను చేరకున్నను మరలవలెనని బయలుదేరకమునుపే అందరికి చెప్పవలెను. శిఖరము కంటికి దగ్గరగా కనబడుచుండగా ఈ నియమమును పాటించుట కష్టము. అందుచేతనే దానిని క్రిందనే నిశ్చయింపవలెను. ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీరు; అందులో సగము దిగుటకు మిగిల్చుకొనవలెను. జారుడు చెప్పులు కూడవు. బండపగుళ్లలో చేయి పెట్టరాదు. తేలు ఉండవచ్చును, పాము ఉండవచ్చును. తేనెతుట్టె కనబడినచోట రాయి విసరుట, పొగ పెట్టుట ప్రాణాపాయము. ముందొక ఉపాధ్యాయుడు, వెనుక నొకరు. ఆగిన ప్రతిచోట తలల లెక్క.

ఇంత జాగ్రత్త దేనికి? పైన చూడవలసినది కలదు గనుక. కాకతీయుల కాలమునుండి గోలకొండ కుతుబ్‌షాహీల వరకు పలువురి చేతులు మారిన కోట అది. కట్టిన గోడ ఎచ్చట ముగిసినది, పుట్టుబండ ఎచ్చట మొదలైనది అని పిల్లలను వెదకుమనుడు. తెలంగాణపు ఈ గట్టిరాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. అగ్నిపర్వత శేషమైన ఆర్థర్స్ సీట్ వయస్సు 34 కోట్లే. ఊరిలోని నరసింహస్వామి గుట్టను కూడ చూపవలెను. ఆ గుట్టకు గల స్తంభాద్రి యను పేరే ఖమ్మమైనదని పెద్దల మాట. దిగిన పిదప కోటచెంత జాఫరు బావి మెట్లు చూచి, నీడను కూర్చుండి పులిహోర తిని, తాము నడచిన దారిని పటముగా గీయుట పిల్లలకు మధ్యాహ్నపు పని.

ఈ పాఠము ఒంటబట్టినవారికి తూర్పున పెద్దబడి కలదు. కొత్తగూడెము, పాల్వంచ, కిన్నెరసాని దాటి 1959లో ఖమ్మము జిల్లాలో చేరిన భద్రాచలము వరకు కొండలు అడవిని కప్పుకొని యున్నవి. 2016 నుండి ఆ ప్రాంతము భద్రాద్రి కొత్తగూడెము జిల్లా. నేలకొండపల్లిలో పుట్టి పాల్వంచ తహశీలుదారై గోపన్న గుడి కట్టించిన భద్రగిరియు చిన్న కొండయే. అచ్చట మెట్లు, జనము కలరు. అడవిలోని కొండలు అట్టివి కావు. కోటకొండపై ఎచ్చట నిలిచినను ఊరు కనబడును. అడవిలో పది అడుగుల ఆవల దారి కనబడదు. అటవీశాఖవారి అనుమతి లేక, అచ్చటి కోయ సోదరుని తోడు లేక అడుగిడరాదు.

కోటకొండ ఆ చదువునకు ఓనమాలు. శిఖరమునకు నూరడుగుల దూరమున, గడియ దాటినదని వెనుకకు మరలిన పిల్లవాడు ఓడినవాడు కాడు. ఆనాటి పాఠమును అందరికంటె బాగుగా నేర్చినవాడు. కొండ ఎచ్చటికిని పోదు. వచ్చు ఆదివారమును అచ్చటనే యుండును.