ఇస్తాంబుల్ వెళ్తే ఏం చూడాలి, ఎలా చూడాలి?

యాత్రా సాహిత్యం అనగానే మనకు మొదట గుర్తొచ్చే పేరు ఏనుగుల వీరాస్వామయ్య గారిది. 1830లో మన చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఆయన గుళ్లూ గోపురాల గురించే రాసి ఊరుకోలేదు. దారి ఎలా ఉంది, బస ఎక్కడ దొరుకుతుంది, సరుకులు దొరుకుతాయా లేదా అన్నవి కూడా రాసిపెట్టారు. వెనక వచ్చేవాళ్లకు పనికొచ్చేవి అవే కదా! ఆ పద్ధతిలోనే ఈ వ్యాసం. ఊరు మాత్రం చాలా దూరం: టర్కీలోని ఇస్తాంబుల్.

ఈ ఊరే ఎందుకంటే, ఇక్కడ చెప్పే కథలన్నీ చక్రవర్తులవీ, సుల్తానులవీ. కానీ మనం చూసే కట్టడాల్లో చాలావాటి వెనక ఆడవాళ్లున్నారు. డబ్బిచ్చి కట్టించింది వాళ్లు. మహిళా కళాశాల గోడపత్రికలో ఇస్తాంబుల్ గురించి రాస్తూ ఆ సంగతి వదిలేయడం బాగుండదు.

ముందు ఊరి సంగతి

బోస్ఫరస్ అనే సన్నని జలసంధి ఈ నగరాన్ని రెండుగా చీలుస్తుంది. ఒక గట్టు ఐరోపా, రెండో గట్టు ఆసియా. క్రీ.శ. 330లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి దీన్ని రాజధాని చేసుకున్నాడు, అందుకే కాన్‌స్టాంటినోపుల్ అన్నారు. 1453లో ఒట్టోమన్ సుల్తాను రెండో మెహ్మెద్ గెలుచుకున్నాడు. 1923లో రాజధాని అంకారాకు వెళ్లిపోయింది. అంటే దాదాపు పదహారు వందల ఏళ్లు రాజధానిగా ఉన్న ఊరు. పాతనగరం చిన్నదే, చాలా భాగం నడిచి చూడొచ్చు.

బయలుదేరే ముందు

మన పాస్‌పోర్టుకు వీసా కావాలి. అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్, షెంగెన్ దేశాల వీసా ఉన్నవాళ్లకు ఆన్‌లైన్ వీసా దొరికే వీలుంది. మిగతావాళ్లు ముందుగా దరఖాస్తు చేసుకుని తీసుకోవాలి. నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనకముందే చూసుకోండి.

సెలవురోజులు కాగితం మీద రాసుకోండి. తోప్‌కాపి ప్యాలెస్‌కు మంగళవారం సెలవు. డోల్మాబాచే ప్యాలెస్‌కు సోమవారం సెలవు. గ్రాండ్ బజార్‌కు ఆదివారం సెలవు. ఇది తెలియక అంతదూరం వెళ్లి మూసిన తలుపు చూసి వచ్చేవాళ్లు చాలామంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా మసీదుల్లోకి సందర్శకుల్ని రానివ్వరు.

దిగగానే ఇస్తాంబుల్‌కార్ట్ అనే కార్డు కొనుక్కోండి. ట్రాము, మెట్రో, బస్సు, పడవ అన్నిటికీ అదే. టి-1 అనే ట్రాము లైను సుల్తానహ్మెత్, సిర్కెజి, ఎమినోను మీదుగా వెళ్తుంది. పాతనగరానికి ఆ ఒక్క లైను చాలు.

బ్యాగులో ఒక పెద్ద చున్నీ, ఒక జత సాక్సులు పెట్టుకోండి. మసీదులో తల కప్పుకోవాలి, చెప్పులు విప్పాలి, చేతులూ కాళ్లూ కనిపించని బట్టలు వేసుకోవాలి. మన చుడీదారు సరిగ్గా సరిపోతుంది. గుడికి వెళ్లేటప్పుడు మనం పాటించే మర్యాదే ఇక్కడా. నమాజు చేసేవాళ్ల ముందు నుంచి నడవకండి, వాళ్ల ఫోటోలు తీయకండి.

మొదటి రోజు: సుల్తానహ్మెత్

పొద్దున్నే హాగియా సోఫియాకు వెళ్లండి. జస్టీనియన్ చక్రవర్తి దీన్ని 532 నుంచి 537 వరకు, ఐదేళ్లలో కట్టించాడు. గుమ్మటం వెడల్పు సుమారు 31 మీటర్లు, నేల నుంచి ఎత్తు సుమారు 55 మీటర్లు. మొదటి గుమ్మటం 558లో కూలిపోతే మళ్లీ కట్టారు. మొదట చర్చి, 1453 నుంచి మసీదు, 1930లలో మ్యూజియం, 2020 నుంచి తిరిగి మసీదు. 2024 జనవరి నుంచి విదేశీ సందర్శకులకు 25 యూరోల టికెట్టు పెట్టారు. మన డబ్బులో రెండు వేలు దాటుతుంది. కింది అంతస్తు ప్రార్థనకు, పై గ్యాలరీ మాత్రమే మనకు. మరమ్మతుల వల్ల కొంత భాగం పరంజా వెనక ఉండొచ్చు.

పైకి మాత్రమే పంపిస్తారని బాధపడక్కర్లేదు. అసలు ఆడవాళ్ల కథ ఉన్నది అక్కడే. మహారాణి సింహాసనం ఉన్న చోట నేలలో ఒక గుండ్రని పచ్చరాయి కనిపిస్తుంది. దక్షిణపు గ్యాలరీలో 11వ శతాబ్దపు రాణి జోయీ మొజాయిక్ చిత్రం ఉంది. ఆమె పక్కనున్న చక్రవర్తి ముఖాన్ని తర్వాత మార్చారు. జోయీకి మూడు పెళ్లిళ్లు జరిగాయి. భర్త మారినప్పుడు బొమ్మలో ముఖమూ మార్చారని పండితులు అంటారు. సింహాసనపు హక్కు ఆమెది, మారినవాళ్లు మగవాళ్లు! అక్కడే పాలరాతి పిట్టగోడ మీద ఉత్తరదేశపు సైనికుడెవరో చెక్కుకున్న తన పేరు కూడా ఉంది. గుడి గోడల మీద పేర్లు గీకే అలవాటు మనవాళ్లొక్కరిదే కాదన్నమాట.

బయటికొస్తే ఎదురుగా ఆరు మినార్ల సుల్తాన్ అహ్మెద్ మసీదు, అదే బ్లూ మాస్క్. ప్రవేశం ఉచితం. ఈ రెంటికీ మధ్యలో 16వ శతాబ్దపు స్నానశాల ఒకటుంది. దాన్ని కట్టించింది హుర్రెమ్ సుల్తాన్. ఇప్పటి ఉక్రెయిన్ వైపు నుంచి బానిసగా వచ్చి, సులేమాన్ సుల్తానుకు ధర్మపత్ని అయిన మనిషి. ఆమె సమాధి సులేమానియే మసీదు తోటలో, భర్త సమాధి పక్కనే ఉంది.

ఈ మైదానంలోనే 1919లో హాలిదే ఎదిబ్ అనే రచయిత్రి వేలమంది ముందు నిలబడి విదేశీ ఆక్రమణకు వ్యతిరేకంగా ప్రసంగించింది. ఆమే 1935లో మన దేశానికి వచ్చి ఢిల్లీ జామియాలో ఉపన్యాసాలిచ్చింది.

దగ్గర్లోనే బసిలికా సిస్టర్న్. నేలకింద నీళ్లు నిలవచేసిన చోటు, 336 స్తంభాలు. రెండు స్తంభాల కింద మెడూసా తలలున్నాయి, ఒకటి తలకిందులుగా, ఒకటి పక్కకు.

రెండో రోజు: ఎమినోను నుంచి ఉస్కుదార్

ఎమినోను రేవు దగ్గరి యెని జామిని 1597లో సాఫియే సుల్తాన్ మొదలుపెట్టింది. కొడుకు పోయాక పని ఆగిపోయింది. సుమారు అరవై ఏళ్ల తర్వాత తుర్హాన్ సుల్తాన్ పూర్తిచేసింది. పక్కనే ఉన్న మసాలా బజారు అద్దెలు ఆ మసీదు ఖర్చులకు వెళ్లేవి. మన గుళ్లకు మాన్యాలు ఉన్నట్టే.

అక్కడి నుంచి పడవెక్కితే ఇరవై నిమిషాల్లోపే ఉస్కుదార్, అంటే ఆసియా. టూరిస్టు పడవలు వద్దు, జనం ఎక్కే పడవ చాలా చవక. రేవులో దిగగానే కనిపించేది హుర్రెమ్ కూతురు మిహ్రిమా కోసం సినాన్ అనే శిల్పి 1548లో పూర్తిచేసిన మసీదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1854లో సైనికులకు సేవచేసిన సెలిమియే బ్యారక్సు కూడా ఈ గట్టునే ఉంది. సైన్యం స్థలం కాబట్టి ముందుగా అనుమతి తీసుకోవాలి.

ఇక మన తెలుగువాళ్లకు దగ్గరి సంగతి. హైదరాబాదులో నిలోఫర్ ఆసుపత్రి తెలియనివాళ్లు ఉండరు. ఆ నిలోఫర్ 1916లో పుట్టింది ఇస్తాంబుల్‌లోనే. 1924లో ఒట్టోమన్ కుటుంబాన్ని దేశం నుంచి పంపేశారు. చివరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్‌వార్, ఆమె బంధువు నిలోఫర్ ఫ్రాన్సులో పెరిగారు. 1931లో నిజాం కొడుకుల్ని పెళ్లాడి హైదరాబాదు వచ్చారు. ఇద్దరి పేర్లతోనూ అక్కడ ఆసుపత్రులున్నాయి. ఆ ఖలీఫాను పదవి నుంచి దించింది డోల్మాబాచే ప్యాలెస్‌లోనే. అందుకే వీలుంటే అదీ చూడండి.

తిండి, మాట, జాగ్రత్త

శాకాహారులకు మెర్జిమెక్ అనే పప్పు సూపు ఉంది, మన పప్పుచారుకి అక్కలాంటిది. కొన్నిచోట్ల మాంసం ఉడికించిన నీళ్లు కలుపుతారు, అందుకే "ఎత్‌సిజ్?" అని అడగండి, మాంసం లేనిదా అని అర్థం. నువ్వులు అద్దిన సిమిత్ రొట్టె వీధివీధినా దొరుకుతుంది. చాయ్‌ని వాళ్లూ చాయ్ అనే అంటారు, పాలు మాత్రం ఉండవు. మన దుకాణం వాళ్ల దుక్కాన్, మన మైదానం వాళ్ల మెయ్‌దాన్, మన కలం వాళ్ల కలెమ్. పారసీ, అరబ్బీ మాటలు మనకు ఒక దారిన, వాళ్లకు ఒక దారిన చేరాయి.

మోసాలూ ఉన్నాయి. బూట్లు పాలిష్ చేసేవాడు మీ ముందు బ్రష్షు జారవిడుస్తాడు. తీసిస్తే కృతజ్ఞతగా పాలిష్ చేసి, తర్వాత డబ్బులడుగుతాడు. దారిలో పరిచయం చేసుకున్నవాళ్లు "మా తివాచీ దుకాణంలో టీ తాగుదాం రండి" అంటే నవ్వి వచ్చేయండి. టాక్సీ మీటరు వేశాకే కూర్చోండి.

చివరగా ఒక మాట. ఏ కట్టడం ముందు నిలబడినా "ఏ రాజు కాలంది?" అని అడగడం మనకు అలవాటు. దాంతోపాటు "కట్టించింది ఎవరు? డబ్బు ఎవరిది?" అని కూడా అడగండి. ఇస్తాంబుల్‌లో ఆ ప్రశ్నకు జవాబుగా చాలాసార్లు ఒక ఆడమనిషి పేరు వస్తుంది. వచ్చే నెల మన విభాగం విహారయాత్రలో కూడా అడిగి చూద్దాం, ఎన్ని పేర్లు వస్తాయో.