కారు వెలుపలి వేడిమిని తెలుపు పరికరము



గడచిన వేసవిలో మా మేనల్లుడు మమ్ములను తన కారులో ఒక పెండ్లికి తీసికొనిపోవుచుండెను. త్రోవలో గేదె యొకటి అడ్డు వచ్చుటచే ముందరి బంపరునకు చిన్న దెబ్బ తగిలెను. గేదెకు గాని మాకు గాని అపాయము కలుగలేదు. కాని కొంతసేపటికి కారులో చల్లగాలి నిలిచిపోయెను. రోహిణికార్తె యెండకు మా అక్కగారు సొమ్మసిల్లునంత పని యయ్యెను. మరునాడు మరమ్మతు చేయువారు కంప్రెసరు చెడినదనియు, క్రొత్తది వేయుటకు పలువేల రూపాయలు కావలెననియు చెప్పిరి. అప్పుడు చోదకుని యెదుటి పలకపై ఒక అంకె నాకు కనబడెను. వెలుపలి వేడిమి సున్నకు దిగువ 40 డిగ్రీలట! అంతటి చలి గోదావరితీరమున రోహిణికార్తెలో ఎట్లు వచ్చును?

ఆ అంకెను తెలుపునది థర్మిస్టరు అను చిన్న పూస. దానిని ప్లాస్టిక్ తొడుగులో నుంచి, రెండు తీగలతో కారునకు కలిపెదరు. వేడిమి పెరిగినకొలది దీని విద్యున్నిరోధము తగ్గును. చలి పెరిగినకొలది హెచ్చును. కొన్ని పదార్థములకు ఇట్టి గుణము కలదని ఫారడే పండితుడు 1833లో వెండి గంధకమునందు కనిపెట్టెను.

తీగ తెగినచో విద్యుత్తు పారదు. నిరోధము అపారముగా నున్నదని యెంచి, కారులోని లెక్కల యంత్రము తన కొలతలోని అట్టడుగు అంకెను చూపును. కొన్ని కార్లలో అంకెకు బదులు అడ్డుగీతలు కనబడును. రెండు తీగలు ఒకదానికొకటి తగిలినచో, ఇందుకు విపరీతముగా మిక్కుటమైన వేడిమి కనబడును. కడు చలిలో కంప్రెసరును నడుపుట హానికరము గావున, పెక్కు కార్లలో ఆ యంత్రము దానిని నడువనీయదు. మా కష్టమునకు కారణ మిదియే.

ఈ పరికరము సాధారణముగా ముందరి జాలి వెనుక, రేడియేటరునకు ముందు, బంపరు చాటున నుండును. కొన్ని కార్లలో ప్రక్క అద్దము అడుగున నుండును. వెదకుటకు ముందు ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, చల్లారనీయవలెను. రేడియేటరు పంకా తనంతట తాను తిరుగవచ్చును గనుక చేయి దూరముగా నుంచవలెను. పసుపుపచ్చని ప్లగ్గులను ముట్టరాదు. అవి సాధారణముగా ప్రాణరక్షణకైన గాలిసంచులకు సంబంధించినవి.

పరికరమును ప్లగ్గునుండి విడదీసి, మల్టీమీటరుతో దాని నిరోధమును కొలువవలెను. పిమ్మట ప్లగ్గుభాగము తడియకుండ, కొనను కరగుచున్న మంచు కలిపిన నీటిలో కొన్ని నిమిషము లుంచి మరల కొలువవలెను. 25 డిగ్రీల వద్ద నున్న నిరోధము మంచునీటిలో ఇంచుమించు మూడింతలు కావలెను. అంకె కదలనిచో పరికరమునే మార్చవలెను. కదలినచో అది మంచిదే; లోపము తీగలోనో ప్లగ్గులోనో కలదు.

మా కారులో ప్లగ్గునకు జానెడు దూరమున ఒక తీగ తెగి యుండెను. కొనలను గీకి, వేడికి ముడుచుకొను గొట్టమును ముందుగా ఒక కొనకు తొడిగి, కొనలను మెలిపెట్టి టంకము వేసితిమి. పిదప గొట్టమును అతుకుపైకి జరిపి వేడిచేయగా, నీరు చొరకుండ బిగిసెను. పరికరమును దాని పూర్వస్థానముననే బిగించితిమి. ఇంజను సెగ తగులుచోట వ్రేలాడవిడిచినచో అది తప్పుడు వేడిమి చెప్పును.

అంకె వెంటనే మారలేదని దిగులుపడ నక్కరలేదు. ఇంజను వేడికి మోసపోకుండుటకై పెక్కు కార్లు, కొంతదూరము నడచిన పిమ్మటగాని, క్రొత్త అంకెను చూపవు. మేము ఊరు దాటుసరికి 43 డిగ్రీలు కనబడెను, చల్లగాలియు వచ్చెను. కంప్రెసరు పాతదే.

కావున మీ పిల్లల కారునకు చిన్న దెబ్బ తగిలి చల్లగాలి నిలిచినచో, పెద్ద ఖర్చునకు ఒప్పుకొనుటకు ముందు ఆ చిన్న అంకెను ఒకసారి చూడుడు. సెలవు.