తాళం ఎక్కడ తప్పుతోంది?

మారిషస్‌లో పగలు పన్నెండయితే దుబాయిలోనూ పన్నెండే. రెండు చోట్లా గ్రీనిచ్ కాలానికి నాలుగు గంటలు ముందు. గడియారాలు ఇంత చక్కగా కలిసిన మనకు భజనలో తాళం మాత్రం ఎందుకు కలవడం లేదన్నది మమ్ములను వేధించిన ప్రశ్న.

ఉద్యోగరీత్యా ఎమిరేట్సులో ఉంటున్న మారిషస్ తెలుగు కుటుంబాల వారము కొందరం, శనివారాల్లో ఊళ్లోని పెద్దలతో ఇంటర్నెట్ ద్వారా రామభజన మొదలుపెట్టాము. మూడు వారాలయ్యేసరికి పల్లవి చెప్పే తాతగారు, "వయసు మీదపడింది నాయనా, తాళం నిలవడం లేదు, ఇక మీరే పాడుకోండి" అని చిడతలు కింద పెట్టేశారు. ఆయనకు వచ్చిన పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. తప్పు ఆయనదో, తంతిదో తేల్చుకోక తప్పింది కాదు.

శబ్దం గాలిలో సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మందిరంలో ఏడు మీటర్ల ఎడంగా కూర్చున్న ఇద్దరి మధ్య 20 మిల్లీసెకండ్ల ఆలస్యం ఉంటుంది. మిల్లీసెకండంటే సెకండులో వెయ్యో వంతు. ఆ మాత్రానికి చెవి సర్దుకుంటుంది. 25, 30 దాటితే కష్టం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ ఛేఫ్ బృందం ఇద్దరేసి మనుషులను వేరువేరు గదుల్లో ఉంచి చప్పట్లు కొట్టించింది. ఆలస్యం సుమారు 11.5 మిల్లీసెకండ్లకు తగ్గితే లయ పరుగెత్తింది, పెరిగితే ఈడ్చుకుపోయింది. ఒకరి దెబ్బ కోసం ఒకరు ఆగుతూ పోతే ఆ ఆగడమంతా పోగుపడుతుంది. అందులో ఎవరి తాళమూ చెడ్డది కాదు.

సరే, మన ఆలస్యమెంత? మొదట మేము చప్పట్లు కొట్టి, వినగానే అటువైపు వారిని కొట్టమన్నాము. అది పొరపాటు. విని చేయి కదపడానికే మనిషికి సుమారు 200 మిల్లీసెకండ్లు పడుతుంది. పిమ్మట తాతగారి మనుమడు హెడ్‌ఫోనును తన మైకు దగ్గర పెట్టాడు. మా చప్పట్లు అక్కడికి పోయి, మనిషి ప్రమేయం లేకుండా తిరిగివచ్చాయి. ప్రతిధ్వనిని తుడిచివేసే సదుపాయాన్ని ముందుగా ఆపాలి, లేకుంటే తిరిగివచ్చే శబ్దాన్నే అది మింగేస్తుంది. రెంటినీ రికార్డు చేసి, ఆడాసిటీలో రెండు శిఖరాల నడుమ ఎడం కొలిచాము. పదిసార్లు. రాకపోకలకు కలిపి సుమారు 260, ఒకవైపుకు అందులో సగం 130. తాతగారు 44 మీటర్ల అవతల, గుడి ప్రహరీ దాటి నిలబడి పాడుతున్నట్లన్నమాట! బ్లూటూత్ హెడ్‌ఫోను వాడినపుడు ఇంకా ఎక్కువ వచ్చింది. తీగ హెడ్‌ఫోనే మేలు.

ఇందులో కొంత ఎన్నటికీ పోదు. గాజుతంతిలో వెలుగు సెకండుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది. దుబాయికి, మారిషస్‌కు నడుమ ఐదు వేల కిలోమీటర్లకు తిన్నగా పోయినా 25 మిల్లీసెకండ్లు. తంతులు తిన్నగా పోవు గదా. 2002లో పనికి వచ్చిన సేఫ్ తంతి దక్షిణాఫ్రికా, రీయూనియన్, మారిషస్, కొచ్చి, పెనాంగులను కలుపుతుంది. మన పూర్వీకుల ఓడలు తిరిగిన సముద్రమే అది! మిగిలినదంతా కంప్యూటరూ, వైఫైయూ పెంచేది. వైఫైకి బదులు తీగ పెడితే కొంత తగ్గింది.

ఈ అంకెలు తాతగారికి చెప్పినపుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "అయితే నాది కాదా?" అని అడిగారు. కాదన్నాము.

ఇప్పుడు పద్ధతి మార్చాము. ఆయన మా గొంతులు వినకుండా తన లయలో పల్లవి చెబుతారు. మేము ఆయనను విని అందుకుంటాము. మా వంతు పాట ఆయనకు కాస్త ఆలస్యంగా వినబడుతుంది, కాబట్టి చరణం ముగిశాక ఒక ఆవృత్తం ఆగి మళ్ళీ ఎత్తుకుంటారు. దుబాయి, అబుదాబిల మధ్య సుమారు 130 కిలోమీటర్లే గనుక ఇక్కడివాళ్ళం మాత్రం ఒక్కసారిగా కలిసి పాడగలమనే ఆశ ఉంది. దానిని వచ్చే నెల కొలుస్తాము.